మొదటి ఆఫీసు ప్రజెంటేషన్‌కు ముందు కంగారు: లక్షణం, కారణం, పరిష్కారం

ఉద్యోగంలో చేరిన అయిదో నెలలో, పన్నెండు మంది కూర్చున్న గదిలో, పదిహేను నిమిషాల ప్రాజెక్టు నివేదికను వినిపించవలసిన రోజున నాకు గొంతు పెగలలేదు. విషయం తెలియక కాదు; ఆ లెక్కలన్నీ నేను వేసినవే. ఆ తరువాత చాలా ఏళ్లుగా కొత్తగా చేరినవారిని ఇటువంటి సమావేశాలకు సిద్ధం చేస్తూ నేను గ్రహించినది ఏమిటంటే, మనం ‘కంగారు’ అని ఒకే మాటతో పిలిచేది నిజానికి అనేక ఇబ్బందుల కలయిక. వాటి కారణాలు వేరు కనుక వాటికి విరుగుడూ వేరే. నిద్ర చాలక వచ్చిన దడ ఎంత సాధన చేసినా తగ్గదు. సాధన చాలక వచ్చిన తడబాటు ఎంతసేపు ప్రాణాయామం చేసినా పోదు. అందుచేత మీకు ఏ ఇబ్బంది, ఏ ఘడియలో మొదలవుతున్నదో ముందుగా గుర్తించి, దానికి సంబంధించిన భాగాన్ని చదవండి.

గుండె దడ, చేతుల వణుకు, చెమటలు

మీ వంతు రావడానికి పది నిమిషాల ముందు నుంచే గుండె గట్టిగా కొట్టుకోవడం, అరచేతులు చెమర్చడం, వేళ్లు వణకడం, కడుపులో తిప్పినట్లు ఉండడం దీని లక్షణాలు.

ఎదుట ప్రమాదం ఉన్నదని మెదడు భావించినప్పుడు మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది గుండె వేగాన్ని పెంచుతుంది, కండరాలను పరుగుకో పోరాటానికో సిద్ధం చేస్తుంది, జీర్ణక్రియను కొంతసేపు మందగింపజేస్తుంది. వేళ్ల వణుకు కూడా కండరాల మీద అది చూపే ప్రభావమే. అడ్రినలిన్ రక్తంలో ఎక్కువసేపు నిలవదు, కొద్ది నిమిషాలలోనే విచ్ఛిన్నమవుతుంది. అయితే ‘అయ్యో, గుండె ఇలా కొట్టుకుంటోందేమిటి’ అని మనం మళ్లీ బెదిరినప్పుడల్లా మరికొంత విడుదలవుతూ ఉంటుంది. దడ అరగంట పాటు సాగడానికి కారణం చాలాసార్లు ప్రజెంటేషన్ కాదు, దడను చూసి మనం పడే భయమే.

ఇందుకు విరుగుడు ఊపిరిని నెమ్మదిగా వదలడంలో ఉన్నది. మనం గాలి పీల్చినప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుంటుంది, వదిలినప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి ప్రభావం వల్ల కొద్దిగా నెమ్మదిస్తుంది. అందువల్ల ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లేదా ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంతసేపు వదులుతూ, అయిదు నిమిషాల పాటు కూర్చోండి. పక్కనున్న స్నేహితులు ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అని సలహా ఇవ్వడం పరిపాటి. వదలడం గురించి చెప్పని ఆ సలహా కొన్నిసార్లు హాని చేస్తుంది. గబగబా, లోతుగా పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గిపోయి, తల తిరగడం, వేళ్ల చివరలు తిమ్మిరెక్కడం మొదలవుతాయి. అప్పటికే బెదిరి ఉన్న మనిషి వాటిని చూసి మరింత బెదిరిపోతాడు.

వీలుంటే ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగండి. కండరాలు కోరుకుంటున్న కదలిక వాటికి దొరుకుతుంది. చేతిలో పలుచని కాగితం పట్టుకోవద్దు, ఎందుకంటే వేళ్ల చిన్న వణుకును అది రెపరెపలాడి పదింతలు చేసి చూపిస్తుంది. లేజరు పాయింటరు సంగతీ అంతే. పాయింట్లు రాసుకోవాలంటే పెళ్లి శుభలేఖ అంత మందంగా ఉండే అట్టముక్క మీద రాసుకోండి.

మరొక చిన్న ఉపాయం కూడా ఉన్నది. హార్వర్డ్ బిజినెస్ స్కూలుకు చెందిన ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, ప్రసంగానికి ముందు తమను తాము శాంతపరచుకోవడానికి ప్రయత్నించినవారి కంటే ‘నేను ఉత్సాహంగా ఉన్నాను’ అని పైకి చెప్పుకున్నవారు మెరుగ్గా మాట్లాడారని తేలింది. భయానికీ ఉత్సాహానికీ శరీరంలో గుండె వేగం ఒకటే కనుక, ఉన్న దడకు పేరు మార్చడం దానిని అణచడం కంటే సులువు. ‘హుషారుగా ఉంది’ అని మీలో మీరే పైకి అనుకోండి, చాలు.

నోరు ఎండిపోవడం, గొంతు వణకడం

అడ్రినలిన్ ప్రభావంలో లాలాజలం తగ్గుతుంది, మెడ కండరాలు బిగుసుకుంటాయి, ఊపిరి ఛాతీ పైభాగానికే పరిమితమవుతుంది. చాలినంత గాలి అందని గొంతు వాక్యం చివరకు వచ్చేసరికి వణుకుతుంది. గోరువెచ్చని లేదా మామూలు నీళ్లు దగ్గర ఉంచుకుని గుక్కెడు గుక్కెడుగా తాగండి. మీ వంతుకు ముందు ఒంటరిగా ఒక చోట నిలబడి, పెదవులు మూసి రెండు నిమిషాల పాటు నెమ్మదిగా కూనిరాగం తీయండి. ఆ రోజు ఉదయం నుంచి ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా సమావేశంలోనే నోరు విప్పడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. గదిలోకి ముందుగా వచ్చినవారిని పలకరించి, రెండు మాటలు మాట్లాడితే గొంతు దానంతట అదే తెరుచుకుంటుంది.

ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం

అర్ధరాత్రి దాటేవరకు స్లైడ్లను దిద్దుతూ ఉండడం, మేలుకుని ఉండడానికి కాఫీ తాగడం, తెల్లవారాక నిద్రమత్తు వదలడానికి మళ్లీ కాఫీ తాగడం ఇందుకు మామూలు కారణాలు. తాగిన కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి సగటున అయిదు గంటలు పడుతుంది. తాగిన అరగంట నుంచి గంట లోపల అది రక్తంలో అత్యధిక స్థాయికి చేరుతుంది. అంటే పది గంటల సమావేశానికి తొమ్మిదింటికి తాగిన స్ట్రాంగ్ కాఫీ సరిగ్గా మీరు లేచి నిలబడే వేళకు దడను పెంచుతుందన్నమాట. రోజూ తాగే అలవాటు ఉన్నవారు పూర్తిగా మానేస్తే తలనొప్పి రావచ్చు కనుక, ఎప్పటి మోతాదునే కాస్త ముందుగా తాగితే సరిపోతుంది. స్లైడ్లను ముందురోజు సాయంత్రం ఆరు గంటలకు ముగించి, ఆ తరువాత వాటిని ముట్టుకోకండి. ఒక్క రాత్రి నిద్ర తగ్గినంత మాత్రాన ప్రజెంటేషన్ చెడిపోదని కూడా గుర్తుంచుకోండి. నిద్ర పట్టడం లేదన్న ఆదుర్దాయే నిద్రకు మొదటి శత్రువు.

మధ్యలో అంతా మరచిపోయి నిలిచిపోవడం

కొత్తవారు అందరికంటే ఎక్కువగా భయపడేది దీనికే. మన చదువు పద్ధతికీ దీనికీ సంబంధం ఉన్నదని నా నమ్మకం కనుక దీని గురించి కొంత వివరంగా చెబుతాను.

పదో తరగతి నుంచి ఇంటర్మీడియట్ దాకా మనలో చాలామందిమి వ్యాసాలను బట్టీ పట్టి పరీక్ష రాసినవాళ్లమే. అదే అలవాటుతో ప్రజెంటేషన్ పాఠాన్ని కూడా పొల్లుపోకుండా రాసుకుని కంఠతా పడతాము. బట్టీ పట్టిన పాఠం గొలుసు వంటిది: ఒక్కొక్క మాట తరువాతి మాటను లాక్కువస్తుంది. మేనేజరు మధ్యలో ‘ఈ అంకె ఎక్కడిది’ అని అడిగినా, ఎవరో తలుపు తీసుకుని లోపలికి వచ్చినా, ఒక్క లింకు తెగుతుంది. ఆ తరువాత మాట ఎక్కడున్నదో తెలియదు. మొదటి నుంచి మళ్లీ చెప్పుకుంటే తప్ప గుర్తు రాదు, మొదటి నుంచి చెప్పే వీలు అక్కడ ఉండదు. పైగా కంగారులో ఉన్నప్పుడు మనస్సులో ఒకేసారి నిలుపుకోగలిగే విషయాల సంఖ్య తగ్గిపోతుంది కనుక, పొడవైన గొలుసు మరింత సులువుగా తెగుతుంది.

కాబట్టి వాక్యాలను కాక, వాటి క్రమాన్ని గుర్తుంచుకోండి. ప్రతి స్లైడుకూ ‘ఇది చూసిన తరువాత వినేవారికి ఏమి తెలియాలి’ అన్న ప్రశ్నకు ఒకే ఒక్క వాక్యంలో జవాబు రాసుకోండి. పది స్లైడ్లకు పది వాక్యాలు వస్తాయి. ఆ పదింటినీ వరుసగా, స్లైడ్లు చూడకుండా, స్నానం చేస్తున్నప్పుడో బస్సులో కూర్చున్నప్పుడో చెప్పగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్లే. మధ్యలో ఎక్కడ తెగినా తరువాతి వాక్యం దగ్గర నుంచి మళ్లీ ఎత్తుకోవచ్చు. ఒక స్లైడుకు జవాబు ఒక్క వాక్యంలో రావడం లేదంటే ఆ స్లైడులో రెండు విషయాలు ఇరుక్కుని ఉన్నాయని అర్థం. దానిని రెండుగా విడగొట్టండి.

కంఠతా పట్టవలసినవి మూడే: మొదటి రెండు వాక్యాలు, ముగింపు వాక్యం. దడ ఎక్కువగా ఉండేది మొదటి ఒకటి రెండు నిమిషాలలోనే కనుక అక్కడ ఆలోచించవలసిన అవసరం లేకుండా చేసుకోవాలి. ‘నమస్కారం, గత మూడు నెలలలో మన బృందానికి వచ్చిన ఫిర్యాదులలో ఎక్కువ భాగం ఒకే కారణం వల్ల వచ్చాయి, ఈ రోజు ఆ కారణాన్ని చూపిస్తాను’ అన్నంత సూటిగా మొదలుపెట్టండి. ‘నాకు ఇది మొదటిసారి, తప్పులుంటే మన్నించండి’ అని మొదలుపెట్టకండి. అది వినయమే అయినా, వినేవారి చూపును విషయం మీద నుంచి మీ తప్పుల మీదికి మళ్లిస్తుంది.

సాధన కూర్చుని, మనస్సులో చేస్తే లెక్కలోకి రాదు. నిలబడి, పైకి, గడియారం పెట్టుకుని కనీసం మూడుసార్లు చేయండి. అందులో ఒకటి ఇంట్లోవారి ఎదుట కాని, తోటి ఉద్యోగి ఎదుట కాని జరగాలి. వారిని మధ్యలో కావాలని అడ్డుపడమనండి. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి చేసే పని అదే కదా. అవధాని అతని ప్రశ్నకు జవాబిచ్చి, వదిలిన పద్యపాదం దగ్గరకు తిరిగి వెళ్లినట్లుగా, అడ్డంకి తరువాత దారి పట్టుకోవడం కూడా విడిగా సాధన చేయవలసిన విద్య.

ఇంత చేసినా నిలిచిపోతే ఆగండి, నీళ్లు తాగండి, స్లైడు శీర్షికను చదవండి. మీకు యుగంలా అనిపించే ఆ విరామం వినేవారికి నాలుగైదు క్షణాలు మాత్రమే.

ఇంగ్లీషులో చెప్పవలసి వస్తుందన్న భయం

తెలుగు మాధ్యమంలో చదివి, హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉద్యోగంలో చేరినవారు నా వద్దకు వచ్చి ‘నాకు స్టేజీ భయం’ అన్నప్పుడు, కాస్త మాట్లాడిస్తే బయటపడేది చాలావరకు భాష గురించిన భయమే. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఒక సులువైన పరీక్ష ఉన్నది. అదే ప్రజెంటేషన్‌ను ఒకసారి పూర్తిగా తెలుగులో, ఇంట్లో అన్నయ్యకో వదినకో వివరించండి. ధారాళంగా వస్తే విషయం మీకు తెలుసు, ఇబ్బంది భాషతోనే. తెలుగులో కూడా తడుముకుంటే ఇబ్బంది ఇంగ్లీషుతో కాదు, విషయం ఇంకా స్పష్టపడలేదు. ముందు దాని సంగతి చూడాలి.

భాషతోనే ఇబ్బంది అయితే, తెలుగు వాక్యాన్ని మనస్సులో కూర్చి దానిని అప్పటికప్పుడు మార్చే ప్రయత్నం మానండి. తెలుగులో క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. పొడవైన తెలుగు వాక్యాన్ని మార్చబోతే సగంలోనే చిక్కుకుపోతాము. ఎనిమిది, పది మాటలకు మించని వాక్యాలనే వాడండి. ఒక స్లైడు నుంచి మరొక స్లైడుకు తీసుకువెళ్లే వాక్యాలను మాత్రం ముందుగా ఇంగ్లీషులో రాసి, ఇంగ్లీషు బాగా తెలిసిన ఒకరిని చూడమని అడిగి, నోటికి అలవాటు చేసుకోండి. తడబాటు ఎక్కువగా వచ్చేది ఆ మలుపుల దగ్గరే. పలకడం కష్టమైన మాటకు బదులు సులువైన మాట వెదకండి. సమావేశంలో అందరూ తెలుగువారే అయితే, కొంత తెలుగులో చెప్పవచ్చునా అని మేనేజరును ముందే అడగడంలో తప్పు లేదు. నాకు తెలిసినంతలో అలా అడిగినందుకు ఎవరూ చిన్నబోలేదు.

నా భయం అందరికీ కనిపిస్తోందన్న అనుమానం

లోపల దడదడలాడుతున్నప్పుడు అది బయటికి కూడా అంతే స్పష్టంగా కనబడుతున్నదని మనం అనుకుంటాము. కెన్నెత్ సావిట్స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాలలో, మాట్లాడేవారు తమ భయం ఎంత కనబడుతున్నదని అనుకున్నారో, చూసేవారికి అంతకంటే తక్కువగా కనబడింది. అంతకంటే ముఖ్యంగా, ఈ సంగతిని ముందుగా తెలుసుకున్నవారు తెలియనివారి కంటే మెరుగ్గా మాట్లాడారు. కనుక నమ్మకం కుదరకపోతే మీ సాధనను ఫోనులో చిత్రీకరించి, మరుసటి రోజు చూడండి. మీరు అనుకున్న వణుకులో సగం కూడా అందులో కనిపించదు.

తెలియని ప్రశ్న ఎదురైతే

అడగడానికి అవకాశం ఉన్న ప్రశ్నలను ముందే పది రాసుకోండి. వాటిలో మీరు దేనిని తలచుకుని వెనకాడుతున్నారో దానికి మొదట జవాబు సిద్ధం చేయండి. అయినా తెలియనిది వస్తే, ‘ఆ అంకె ఇప్పుడు నా దగ్గర లేదు, రేపు మధ్యాహ్నానికి పంపుతాను’ అని చెప్పి, అందరి ఎదుట రాసుకుని, మాట నిలబెట్టుకోండి. తోచినదేదో చెప్పి, తరువాత దొరికిపోవడం వల్ల పోయే నమ్మకం తిరిగి రావడానికి చాలా కాలం పడుతుంది.

ఇవేవీ పనిచేయకపోతే

కొందరు స్నేహితుల మాట విని, వైద్యుని అడగకుండానే ప్రొప్రనలాల్ మాత్ర వేసుకుని సమావేశానికి వెళుతున్నారు. అది గుండె వేగాన్నీ చేతుల వణుకునూ తగ్గించే మందే, కొందరికి వైద్యులు ఇస్తారు కూడా. అయితే ఉబ్బసం ఉన్నవారికి అది ఊపిరాడకుండా చేసి ప్రాణం మీదికి తేగలదు. నాడి వేగం, రక్తపోటు సహజంగానే తక్కువగా ఉన్నవారికీ ప్రమాదమే. వైద్యుని పరీక్ష లేకుండా దానిని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ప్రజెంటేషన్ ఉన్నదని సెలవు పెట్టడం, పదోన్నతి వస్తే మాట్లాడవలసి వస్తుందని దానిని వద్దనడం, వారాల ముందు నుంచే తిండీ నిద్రా పోవడం వంటివి ఉంటే అది మామూలు కంగారు కాదు. సామాజిక ఆందోళన అనే, చికిత్స ఉన్న సమస్య కావచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రానికి 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడేవారు ఉంటారు. అవసరమైతే వారే మీకు దగ్గరలో ఉన్న వైద్యుని వివరాలు చెబుతారు.