గేరు పడట్లేదా? గేర్‌బాక్స్ దించే ముందు ఇవి చూసుకోండి

విజయనగరంలో ఉండి, చేతిలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంటే ఆదివారం ఇంట్లో కాలు నిలవదు. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కడమో, గుమ్మలక్ష్మీపురం వైపు కొండదారి పట్టడమో, ఏదీ కాకపోతే చింతపల్లి ఇసుకలో బండి దింపడమో. ఈ మూడింట్లో దేనికైనా ముందు బలయ్యేది క్లచ్చే. షెడ్డుకి తీసుకెళ్తే తరచుగా వినపడే మాట ఒకటే, "క్లచ్ సెట్ మార్చేయాలండీ". నిజంగానే మార్చాల్సినవీ ఉంటాయి, కాదనను. కానీ నేను ఒకసారి సెట్ మొత్తం మార్పించి, బిల్లు కట్టి ఇంటికొచ్చి చూస్తే రివర్స్ మళ్ళీ కర్రుమంది. చివరికి తేలిందేమిటంటే పెడల్ దగ్గరుండే సిలిండర్‌లో రబ్బరు సీల్ పోయింది, అంతే. ఆ కడుపుమంటతోనే ఇది రాస్తున్నాను.

ముందు ఒక్క పరీక్ష చేయండి. బండి చదునైన చోట పెట్టి, ఇంజిన్ ఆపేసి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు మెత్తగా పడి, ఇంజిన్ నడుస్తుంటే పడకపోతే గేర్‌బాక్స్‌ని అనుమానించకండి, క్లచ్ పూర్తిగా విడవడం లేదు. ఆపినా బిగుసుకునే ఉంటే గేర్ రాడ్డు, లింకేజ్, గేర్ ఆయిల్ వైపు చూడాలి. సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది.

నడుస్తుంటే గేరు పడదు, రివర్స్ కర్రుమంటుంది

న్యూట్రల్‌లో ఇంజిన్ నడుస్తుండగా క్లచ్ అడుగంటా తొక్కి, మనసులో ఐదు లెక్కపెట్టి, అప్పుడు రివర్స్ వేయండి. చాలా పాత బళ్ళలో రివర్స్‌కి సింక్రో (గేర్ల వేగాలు కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు) ఉండదు కాబట్టి అది మొహమాటం లేకుండా నిజం చెప్పేస్తుంది. ఐదు సెకన్లాగినా కర్రుమంటే క్లచ్ ప్లేటు ఇంకా ఫ్లైవీల్‌తో, అంటే ఇంజిన్ వెనక తిరిగే బరువు చక్రంతో, కలిసి తిరుగుతోందన్నమాట. మీది ఫ్లూయిడ్‌తో పనిచేసే (హైడ్రాలిక్) క్లచ్ అయితే, ఇప్పుడు పెడల్‌ని మూడు నాలుగు సార్లు గబగబా పంపు కొట్టినట్టు కొట్టి మళ్ళీ వేయండి. ఈసారి పడితే లైనులో గాలి చేరింది, లేదా సీల్ పోయింది. బానెట్ ఎత్తి ఫ్లూయిడ్ డబ్బా చూడండి. తర్వాత డ్రైవర్ కాళ్ళ దగ్గర లోపలికి వంగి, పెడల్ నుంచి సిలిండర్‌లోకి వెళ్ళే రాడ్డు మొదట్లో వేలు పెట్టి తడమండి. వేలికి జిడ్డుగా తడి తగిలితే పై సిలిండర్ సీల్ కారుతోంది. కింద గేర్‌బాక్స్ పక్కనున్న చిన్న సిలిండర్ రబ్బరు తొడుగు ఎత్తి చూడండి, అందులోంచి ఫ్లూయిడ్ కారితే అది పోయింది.

ఎయిర్ తీయడం ఇద్దరి పని. మా ఇంట్లో పెడల్ మీద మా బావమరిది, బండి కింద నేను. కింది సిలిండర్ నిప్పుల్‌కి పారదర్శకమైన సన్న ట్యూబు తగిలించి, రెండో కొస కొంచెం ఫ్లూయిడ్ పోసిన సీసాలో ముంచాలి. వాడు తొక్కి పట్టుకుంటాడు, నేను నిప్పుల్ వదులు చేస్తాను, బుడగలొస్తాయి, బిగించాక "వదులు" అంటాను. నేను బిగించకముందే వాడు కాలు తీసేస్తే పోయిన గాలి మళ్ళీ లోపలికొచ్చేస్తుంది. ఈ ఒక్క విషయం మీద మా ఇద్దరికీ ఎన్నిసార్లు మాటా మాటా వచ్చిందో లెక్కలేదు. బుడగలు ఆగేదాకా చేయండి, మధ్యలో పైన డబ్బా ఖాళీ కానీయకండి. పోసేది బ్రేక్ ఫ్లూయిడే, మూత మీద డాట్ 3 అనుంటే డాట్ 3, డాట్ 4 అనుంటే డాట్ 4 పోయాలి. చేతికందిందని ఇంజిన్ ఆయిల్ పోశారో, రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి పాడైపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ పెయింట్‌ని కూడా తినేస్తుంది, ఒలికితే వెంటనే నీళ్ళు కొట్టేయండి.

కేబుల్ క్లచ్ అయితే ఇంత తతంగం లేదు, పెడల్ పైన ప్లే (క్లచ్ కదిలే ముందు పెడల్ ఖాళీగా దిగే దూరం) ఎక్కువైతే అడ్జస్ట్ చేస్తే చాలు.

వాగు దాటాక కదలకుండా పెట్టిన బండి

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వైపు వానలకి ఇది మామూలే. ఒక ఏడాది వేగావతి నది దగ్గర బంపరు దాకా నీళ్ళలో దిగి వచ్చాను. వచ్చాక పైడితల్లమ్మ సిరిమాను పండగ హడావుడిలో పడి బండి పది రోజులు తీయలేదు. తీద్దామని చూస్తే క్లచ్ తొక్కినా తొక్కకపోయినా ఒకటే. క్లచ్ హౌసింగ్‌లోకి వెళ్ళిన నీటికి ఫ్లైవీల్ తుప్పు పట్టి, ప్లేటు దానికి అతుక్కుపోయింది. మెకానిక్ ఇంటికొచ్చి చూసి నవ్వాడు. "ఏటి బావూ, ఏట్లో స్నానం చేయించీసి తుడవకుండా ఒగ్గీసేవా?" అన్నాడు.

ముందు ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి ఆపాడు. ఎదురుగా మనిషీ గోడా లేని ఖాళీ స్థలంలో, ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాడు. బండి గేర్‌లోనే బయల్దేరుతుంది, అందుకే ఖాళీ స్థలం తప్పనిసరి, కాలు బ్రేక్ మీదికి సిద్ధంగా ఉండాలి. క్లచ్ తొక్కే ఉంచి యాక్సిలరేటర్ ఇస్తూ వదులుతూ నాలుగైదు కుదుపులిచ్చేసరికి టప్‌మని విడిపోయింది. రాకపోతే పట్టుబట్టకండి, దించాల్సిందే.

నీళ్ళు దాటిన రోజే ఇంటికొచ్చే ముందు కొన్నిసార్లు క్లచ్ వేస్తూ తీస్తూ నడిపితే ప్లేటు ఆరుతుంది. గేర్ ఆయిల్ కూడా చూడండి, పాలు కలిపిన టీలా ఉంటే నీళ్ళు చేరాయి, మొత్తం మార్చాలి.

ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు

సుంకి ఘాట్‌లో లోడు లారీ వెనక హాఫ్ క్లచ్ మీద నిలబెట్టేవాళ్ళకీ, ఇసుకలో లో రేంజ్ (వేగం తక్కువ, లాగుడు ఎక్కువ) వేయకుండా హై రేంజ్‌లోనే రేజ్ చేసేవాళ్ళకీ వచ్చే జబ్బు ఇది. కాలిన వాసన వస్తే ఆగి చల్లారనివ్వండి. తర్వాత హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, థర్డ్ గేర్‌లో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోతే ప్లేటుకి ఇంకా ఆయుష్షుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే జారుతోంది. ఒక్కసారే చేయండి, పదేపదే చేస్తే ఉన్నదీ పోతుంది. జారుతుంటే ముందు పెడల్ ప్లే చూడండి, అసలు ప్లే లేకపోతే క్లచ్ ఎప్పుడూ సగం తొక్కినట్టే ఉంటుంది. ప్లే సరిగ్గా ఉండి కూడా జారితే ప్లేటు అరిగిందో, ఇంజిన్ వెనక ఆయిల్ సీల్ కారి నూనె పడిందో. నూనె పడ్డ ప్లేటుని పెట్రోల్‌తో కడిగి మళ్ళీ వేసే వాళ్ళున్నారు, నేనైతే ఒప్పుకోను.

అస్సలు కదలకపోతే కంగారు పడకుండా పక్కనున్న చిన్న లివర్ చూడండి. ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్‌కి కూడా న్యూట్రల్ ఉంటుంది. "ఫోర్ హై" నుంచి "ఫోర్ లో"కి మారుస్తూ మధ్యలో ఆగిపోతే ఏ గేరు వేసినా చక్రం తిరగదు. దీనికి క్రేన్ పిలిపించినవాడు ఒకడు నాకు తెలుసు, పేరు చెప్తే కొడతాడు.

అదే లివర్ ఫోర్ వీల్‌లోంచి వెనక్కి రాకపోతే పొడి తారు రోడ్డు మీద ఫోర్ వీల్‌లో నడిపారన్నమాట. పార్ట్ టైమ్ సిస్టమ్‌లో, అంటే అవసరమైనప్పుడే ఫోర్ వీల్ వేసుకునే రకంలో, ముందూ వెనకా షాఫ్టులు మెలిపడి బిగుస్తాయి. తిన్నగా కొంచెం రివర్స్ చేస్తే వదులుతుంది.

గేరు దానంతటదే ఊడిపోతుంటే ముందు ఇంజిన్, గేర్‌బాక్స్ మౌంటింగులు చూడండి, గతుకుల్లో రబ్బరు చిరిగి ఉంటుంది. అవి బాగుంటేనే లోపలి స్ప్రింగ్, బాల్, అరిగిన పళ్ళ సంగతి. చప్పుడు విషయానికొస్తే, క్లచ్ తొక్కితే మొదలయ్యేది సాధారణంగా రిలీజ్ బేరింగ్, తొక్కితే ఆగిపోయేది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్.

ఇవన్నీ చూసి దించక తప్పదని తేలితే ప్లేటొక్కటే మార్చి ఊరుకోకండి. కూలీ ఎలాగూ ఒకటే కాబట్టి ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ కూడా మార్పించి, వెనక ఆయిల్ సీల్ చూపించమనండి. పాత ప్లేటు మీ చేతికిమ్మనండి. రివెట్లు తేలాయా, నూనె పట్టిందా, నల్లగా కాలిందా అని ఎండలో పెట్టి చూస్తే కొత్తది ఎందుకు వేయించుకున్నారో మీకే తెలుస్తుంది. మూడింట్లో ఏదీ లేకపోతే మెకానిక్‌ని ఇంకోసారి అడగండి.