ఎయిర్ రైఫిల్‌ను 4.5 నుంచి 5.5కి మార్చాక వచ్చే తేడాలు: సమస్య - పరిష్కారం

బ్యారెల్ వంచి ఒక్కో పెల్లెట్ పెట్టుకునే స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కు 4.5 మి.మీ. బ్యారెల్ తీసి 5.5 బిగించినప్పుడు వచ్చే చిక్కుల గురించే ఇది. మందుగుండుతో పేలే రైఫిల్‌కు క్యాలిబర్ (బ్యారెల్ లోపలి వ్యాసం) మార్చడం పూర్తిగా వేరే సంగతి, దాన్ని లైసెన్సున్న గన్‌స్మిత్‌కే వదిలేయాలి.

ఏది సరిచూడాలన్నా ముందు రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. బ్యారెల్ వంచి ఉన్నంతసేపూ ఒక చెయ్యి దాని మీదే ఉండాలి. స్ప్రింగ్‌ను ఆపి ఉంచే ట్రిగ్గర్ కొక్కెం జారితే బ్యారెల్ ఒక్క దెబ్బన మూసుకుంటుంది, మధ్యలో వేలుంటే ఇక చెప్పక్కర్లేదు.

వేగం బాగా పడిపోయింది

చాలామందికి టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. నిజానికి ఎక్కువసార్లు ఇది లోపమే కాదు. స్ప్రింగ్ అదే, అదిచ్చే శక్తీ దాదాపు అంతే, పెల్లెట్ మాత్రం బరువెక్కింది. 12 ఫుట్-పౌండ్ల శక్తినిచ్చే రైఫిల్‌లో 8 గ్రెయిన్ల బరువున్న 4.5 పెల్లెట్ సెకనుకు 820 అడుగుల వేగంతో పోతే, 14.5 గ్రెయిన్ల 5.5 పెల్లెట్ 610 దగ్గరే ఆగుతుంది. అందుకని గట్టి స్ప్రింగ్ కొనకండి. దూరం పెరిగేకొద్దీ పెల్లెట్ ఎక్కువ కిందికి దిగుతుంది కాబట్టి స్కోప్‌ను మళ్లీ జీరో చేసుకుంటే, అంటే గురిపెట్టిన చోటే దెబ్బ పడేలా సర్దుకుంటే చాలు.

వేగం ఒక్కో షాట్‌కు ఒక్కోలా ఉంది

వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌లో ఒకసారి 610, వెంటనే 560 కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే. ముందుగా చూడాల్సింది బ్యారెల్‌ను కాదు, అది వెనక కలిసే చోటును. టిష్యూ పేపర్‌ను సన్నగా చింపి ఆ చోట, అంటే బ్రీచ్ అతుకు మీద వేయండి. పెల్లెట్ పెట్టి, వెనక భద్రమైన అడ్డు ఉన్న టార్గెట్ మీదికే కాల్చండి. పేపర్ ఎగిరిందంటే గాలి పక్కకు పోతోంది. ఆ అతుకులో గాలిని ఆపే సీల్ రింగు దాని గాడిలోంచి కొద్దిగా పైకి తేలి ఉండాలి. లోపలికి కూరుకుపోయి ఉంటే కొత్తది వేయండి, అప్పటికీ చాలకపోతే కింద పల్చని వాషర్ పెట్టండి. మరీ పైకి తేలినా చిక్కే, బ్యారెల్ పూర్తిగా మూసుకోదు. సీల్ బాగానే ఉంటే పెల్లెట్ చూడండి. వేలితో తోయకుండానే లోపలికి జారిపోతే అది వదులు. మరీ గట్టిగా నొక్కాల్సి వస్తే వెనక అంచు నలుగుతుంది. రెండు మూడు రకాల పెల్లెట్లు వేసి చూడటమే దారి.

స్కోప్ చివరిదాకా తిప్పినా దెబ్బ కిందే పడుతోంది

వంచే బ్యారెళ్లు చాలావాటికి మూతి కాస్త కిందికి వాలి ఉంటుంది. ఈ వాలు ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి పాతదానికి కుదిరిన మౌంట్ (స్కోప్‌ను బిగించే పట్టీ) దీనికి కుదరకపోవచ్చు. మోకాలి మీద పెట్టి బ్యారెల్‌ను పైకి వంచేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. వాలును సరిచేసే మౌంట్లు విడిగా దొరుకుతాయి.

పొగ, పెద్ద చప్పుడు

కొత్త బ్యారెల్‌లోని నూనె కంప్రెషన్ గదిలోకి చేరి మండుతోంది. బ్యారెల్‌ను పొడి గుడ్డ ముక్కలతో తుడవండి. కొన్ని షాట్లలో తగ్గకపోతే ఆపేసి విప్పించి శుభ్రం చేయించాలి. పెల్లెట్ లేకుండా మాత్రం కాల్చొద్దు, పిస్టన్ దెబ్బతింటుంది.

దెబ్బలు ఒకచోట పడటం లేదు

బ్యారెల్ తిరిగే ఇరుసు బోల్టు, స్టాక్ స్క్రూలు, స్కోప్ మౌంట్ స్క్రూలు ఇదే వరుసలో బిగించి చూడండి. కాల్చేటప్పుడు రైఫిల్‌ను అదిమి పట్టకుండా ప్రతిసారీ ఒకేలా, వదులుగా పట్టుకోండి. ఇవన్నీ అయ్యాకే బ్యారెల్ మీద నింద వేయాలి. రైఫిల్ ఖాళీ అని మళ్లీ చూసుకుని, మూతి అంచు చుట్టూ దూదిని మెల్లగా తిప్పండి. ఎక్కడైనా పీచు పట్టుకుంటే అక్కడ గరుకు ఉంది. ఇంట్లో ఆకురాయితో రుద్దకండి, ఆ అంచును లేత్ మీద సరిచేయించాలి.