విమానాశ్రయ తనిఖీలో వస్తువులను కాపాడుకోవడం ఎలా? పోయినప్పుడు, ఎవరినైనా నిందించే ముందు ఏం చేయాలి?

2012లో అమెరికాలోని ఏబీసీ వార్తా సంస్థ ఒక పరీక్ష పెట్టింది. భద్రతా సిబ్బంది చేతివాటం గురించి అంతకుముందే ఫిర్యాదులున్న 10 విమానాశ్రయాలను ఎంచుకొని, తనిఖీ కేంద్రాల దగ్గర ప్రయాణికులు మరచిపోయినట్టుగా ఒక్కొక్క ఐప్యాడ్‌ను వదిలిపెట్టింది. తొడుగు మీద యజమాని పేరు, ఫోను నంబరు స్పష్టంగా కనబడేలా ఉంచింది. 9 చోట్ల సిబ్బంది ఆ నంబరుకు కబురు చేసి వస్తువును అప్పగించారు. ఓర్లాండోలో వదిలినది మాత్రం తిరిగి రాలేదు. దానిలోని జాడ చెప్పే ఏర్పాటు దాదాపు 30 మైళ్ల దూరంలో ఉన్న ఒక తనిఖీ అధికారి ఇంటిని చూపించింది. విలేఖరులు ఆ ఇంటికి వెళ్లి అడిగితే తన దగ్గర లేదన్న మనిషి, వారు దూరం నుంచే ఐప్యాడ్‌లో అలారం మోగించాక దాన్ని తెచ్చి ఇచ్చి, తప్పును భార్య మీదికి నెట్టాడు. అక్కడి విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్‌ఏ అతన్ని ఉద్యోగం నుంచి తొలగించింది.

ఈ కథనాన్ని తలుచుకునేవారు సాధారణంగా పదో ఐప్యాడ్ గురించే మాట్లాడతారు. ప్రయాణికుడికి పనికివచ్చే పాఠం మాత్రం మిగిలిన తొమ్మిదింటిలో ఉందని నా నమ్మకం, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఇంట్లోనే చేయవలసిన పని

ఫోను, ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్, కెమెరా, హ్యాండ్‌బ్యాగు, వీటన్నిటి మీద పేరు, ఫోను నంబరు ఉన్న చిన్న కాగితం అంటించండి. ఆ నంబరు మీరు దిగబోయే దేశంలో పనిచేసేదై ఉండాలి. అమెరికాలోని పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు తమ భారతీయ నంబరును రాసుకుంటే, అది అక్కడ మోగకపోవచ్చు; కొడుకు నంబరో కూతురి నంబరో రాయడం మేలు. నిజాయితీ గల ఉద్యోగి చేతికి మీ వస్తువు చిక్కినప్పుడు అతనికి కావలసింది మీ పేరు, నంబరు మాత్రమే, ఆ చిన్న సాయం మనం ముందే చేసి పెట్టాలి.

తరువాత ప్రతి విలువైన వస్తువును ఫోటో తీసి, దాని సీరియల్ నంబరును, ఫోనయితే ఐఎంఈఐ నంబరును, కొన్న రశీదును మెయిల్‌లో దాచుకోండి. నగల విషయంలో బరువు తెలిసే రశీదు ఉంటే మరీ మంచిది. పోలీసు ఫిర్యాదైనా, విమాన సంస్థకు పెట్టుకునే పరిహారపు దరఖాస్తు అయినా వీటి మీదే నిలబడుతుంది.

బంగారాన్ని, నగదును, మందులను, ఎలక్ట్రానిక్ వస్తువులను చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి. పచ్చళ్ల డబ్బాలను చేతి సామానులో సాధారణంగా తీసుకెళ్లనివ్వరు కాబట్టి అవి సూట్‌కేసులోకి వెళ్లక తప్పదు, కాని ఆ డబ్బాల మధ్య నగల పెట్టెను దాచే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. తనిఖీకి సూట్‌కేసు తెరిచేవారు ముందుగా విప్పేది స్కానర్‌లో దట్టంగా కనిపించే ఆ మూటలనే. పైగా నగలు, నగదు పోతే మా బాధ్యత కాదని చాలా విమాన సంస్థలు తమ షరతుల్లో ముందే రాసుకుంటాయి.

తాళం గురించి కూడా ఉన్న మాట చెప్పుకోవాలి. అమెరికా ప్రయాణాలకు అమ్మే టీఎస్‌ఏ తాళాలను అక్కడి అధికారులు తమ మాస్టర్ తాళంచెవితో తెరవగలరు. వేరే రకం తాళం వేస్తే కోసి తెరిచే అధికారం వారికి ఉంది. ఆ మాస్టర్ తాళంచెవుల ఫోటో 2014లో ఒక పత్రికలో అచ్చయింది, మరుసటి ఏడాదికల్లా దాన్ని చూసి త్రీడీ ప్రింటర్‌తో నకళ్లు తీసినవారు బయలుదేరారు. కాబట్టి ఆ తాళం దొంగను ఆపుతుందని నమ్మకండి. నంబరు ముద్రించిన ప్లాస్టిక్ సీలు ఒకటి జిప్పుకు వేసి ఫోటో తీసుకుంటే, సూట్‌కేసును ఎవరో తెరిచారన్న సంగతి మీకు సామాను వచ్చే బెల్టు దగ్గరే తెలుస్తుంది. టీఎస్‌ఏ అధికారులు పెట్టె తెరిచి చూస్తే లోపల ఒక ముద్రిత చీటీ పెట్టాలన్నది అక్కడి పద్ధతి. సీలు తెగి, చీటీ లేకపోతే ఆ సంగతిని ఫిర్యాదులో తప్పక రాయండి.

తనిఖీ వరుసలో

2023 జూలైలో మయామి విమానాశ్రయంలో ముగ్గురు టీఎస్‌ఏ ఉద్యోగులు అరెస్టయ్యారు. ప్రయాణికుల సామాను ఎక్స్‌రే యంత్రంలోంచి బయటికి వస్తున్నప్పుడు ఒక పర్సులోంచి 600 డాలర్లు తీశారన్నది వారిమీది ఆరోపణల్లో ఒకటి, దానికి ఆధారం అక్కడి నిఘా కెమెరా దృశ్యాలే. ప్రయాణికుడు ఒకవైపు, అతని ట్రే మరొకవైపు ఉండే ఆ కొద్ది నిమిషాలే ప్రమాద సమయం.

అందువల్ల వరుసలో నిలబడి ఉండగానే పర్సు, వాచీ, గొలుసు, చిల్లర, ఫోను అన్నిటినీ హ్యాండ్‌బ్యాగు లోపలి అరలో వేసి జిప్పు పెట్టండి. ట్రేలో విడిగా పడి ఉన్న పర్సుకు, జిప్పు వేసిన బ్యాగుకు చాలా తేడా ఉంది. మీ ట్రే యంత్రంలోకి పూర్తిగా వెళ్లేదాకా మీరు మనిషి తనిఖీ ద్వారంలోకి అడుగు పెట్టవద్దు, వెనకనుంచి తొందరపెట్టినా సరే. ఇద్దరు కలిసి ప్రయాణం చేస్తుంటే ఒకరు ముందు దాటి అవతల ట్రేలు అందుకోవాలి, రెండోవారు ఇవతల అన్ని ట్రేలూ లోపలికి వెళ్లాకే కదలాలి. మిమ్మల్ని పక్కకు పిలిచి చేతులతో తనిఖీ చేస్తామంటే, నా సామాను నాకు కనబడేలా ఉంచండి అని మర్యాదగా అడగండి. ఇది ఏ దేశంలోనైనా అడగదగిన మాటే. భాష రాని పెద్దలకు ఈ ఒక్క వాక్యాన్ని ఇంగ్లీషులో రాసి చేతికిచ్చి పంపితే ఎంతో ఉపయోగం.

అవతలికి వెళ్లాక బల్ల దగ్గర ఆగి, లెక్క చూసుకోకుండా గేటు వైపు నడవకండి.

పోయిందని తెలిసిన వెంటనే

మొదట అక్కడే నిలబడండి. వెనక వచ్చిన ప్రయాణికుడు అలాంటిదే తన ల్యాప్‌టాప్ అనుకుని పొరపాటున తీసుకువెళ్లి ఉండవచ్చు, కావాలనే తీసుకువెళ్లి ఉండవచ్చు, ట్రే బెల్టు కింద ఇరుక్కుని ఉండవచ్చు. కాబట్టి ‘మీవాళ్లు దొంగిలించారు’ అని మొదలుపెట్టవద్దు. ‘ఈ వరుసలో, ఇన్ని గంటలకు, నేను ట్రేలో పెట్టిన ఈ వస్తువు బయటికి రాలేదు’ అని చెప్పండి. మొదటి మాట విన్న ఉద్యోగి తన సంస్థను కాపాడుకునే ప్రయత్నంలో పడతాడు, రెండో మాట విన్నవాడు వెతకడం మొదలుపెడతాడు. అమెరికాలో అయితే భుజం మీద మూడు గీతలున్న అధికారి ఆ చోటికి సూపర్‌వైజర్, అడగవలసింది అతన్నే. మన దేశంలో చాలా పెద్ద విమానాశ్రయాల్లో తనిఖీ కేంద్రాలను సీఐఎస్‌ఎఫ్ (కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం) చూస్తుంది, అక్కడ విధుల్లో ఉన్న ఇన్‌స్పెక్టర్‌ను కలవండి.

రెండో పని, వరుస నంబరు, సమయం, మీ బోర్డింగ్ పాస్ వివరాలు రాసి, ఆ సమయపు సీసీటీవీ ఫుటేజీని చెరిపివేయకుండా భద్రపరచమని రాతపూర్వకంగా కోరడం. ఫుటేజీ శాశ్వతంగా ఉండదు, కొంతకాలానికి దానిమీద కొత్తది ఎక్కుతుంది. మెయిల్ పంపినా చాలు, తేదీ నిలుస్తుంది. మూడో పని పోలీసు ఫిర్యాదు. మన దేశంలో వేరే ఊరికి చేరుకున్నాక గుర్తించినా, నేర విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్, అంటే నేరం ఎక్కడ జరిగినా తీసుకునే ఫిర్యాదు, ఇవ్వవచ్చు.

సూట్‌కేసులోంచి వస్తువు పోతే దారి వేరు. బెల్టు ఉన్న హాలు దాటకముందే విమాన సంస్థ కౌంటరులో ఫిర్యాదు నమోదు చేయించి, దాని నంబరు తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సామాను చెడిపోయిందన్న రాతపూర్వక ఫిర్యాదు, సామాను మీకు అందిన 7 రోజుల్లోపు విమాన సంస్థకు చేరాలి, కేసు వేయడానికి గడువు 2 సంవత్సరాలు. ఆ 7 రోజుల గడువు వస్తువులు పోయినందుకు వర్తించదన్న వాదనలకు ఆశపడక, మీరూ 7 రోజుల్లోపే రాయండి. 2024 డిసెంబరు 28 నుంచి ఆ ఒప్పందం కింద సామానుకు పరిహార పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి వాడే లెక్క యూనిట్లు), అంటే సుమారు 2 వేల డాలర్లు. అమెరికాలో టీఎస్‌ఏ సిబ్బంది చేతిలోనే పోయిందని భావిస్తే ఆ సంస్థకు విడిగా పరిహార దరఖాస్తు పెట్టవచ్చు, దానికీ 2 సంవత్సరాల గడువు ఉంది. సూట్‌కేసు లోడర్లు, విమాన సంస్థ, తనిఖీ సిబ్బంది అనే మూడు చేతులు మారుతుంది కాబట్టి ఒక్కరికే రాసి ఊరుకుంటే, వారు మిగిలిన ఇద్దరినీ చూపిస్తారు.

కెమెరా తీసే ముందు

ఇప్పుడు కష్టమైన విషయం. సూట్‌కేసులో వేసుకునే చిన్న ట్రాకర్లు వచ్చాక ప్రతి ప్రయాణికుడూ ఏబీసీ విలేఖరి చేసిన పని చేయగలడు. వస్తువు ఎవరి ఇంట్లోనో ఉన్నట్టు ఫోనులో కనబడగానే, అక్కడికి వెళ్లి వీడియో తీసి అందరికీ చూపించాలన్న కోరిక కలుగుతుంది. అలాంటి కథనాన్ని చూసేవారైనా, చేయాలనుకునేవారైనా కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి.

పరీక్ష ఎన్నిచోట్ల జరిగింది, ఎక్కడ జరిగింది అన్నది మొదటి ప్రశ్న. ఏబీసీ పదిలో తొమ్మిది తిరిగి వచ్చాయని చెప్పింది, అది గౌరవించదగిన విషయం. అయితే ఆ పది విమానాశ్రయాలు యాదృచ్ఛికంగా తీసుకున్నవి కావు, కాబట్టి పదిమందిలో ఒకరు దొంగ అన్న అర్థం అందులోంచి తీయడం తప్పు. 2003 నుంచి 2012 వరకు దొంగతనం కారణంగా టీఎస్‌ఏ తొలగించినవారు 381 మంది. వస్తువు పోగొట్టుకున్నవారికి ఆ సంఖ్య చిన్నది కాదు. కాని ఆ సంస్థలో పనిచేసేవారు పదుల వేలల్లో ఉన్నారని మరచిపోతే, నిజాయితీగా నిలబడి పనిచేసే మనిషికి అన్యాయం చేసినట్టే. అదే సమయంలో న్యూఆర్క్ విమానాశ్రయంలో ఒక్క ఉద్యోగి 8 లక్షల డాలర్లకు పైగా విలువైన వస్తువులు దొంగిలించి జైలుకు వెళ్లాడన్నదీ నిజమే. ఆ స్థాయిలో, అన్నాళ్లు సాగిన దొంగతనాన్ని పైవారు గమనించలేదంటే అది పర్యవేక్షణ లోపం, కథనాలు ఎక్కువగా పట్టుకోవలసింది దాన్నే.

రెండో ప్రశ్న, ఆ పరీక్ష అవకాశాన్ని మాత్రమే ఇచ్చిందా, తప్పు చేయమని పురికొల్పిందా? పేరు, నంబరు రాసిన వస్తువును వదలడం మొదటి రకం, అందుకే దాన్ని నేను సమర్థిస్తాను. పదేపదే వెంటపడి డబ్బు ఆశ చూపి చేయించడం రెండో రకం. 2014లో రజత్ ప్రసాద్ కేసులో మన సుప్రీంకోర్టు స్టింగ్ ఆపరేషన్ చేసినంత మాత్రాన చేసినవారికి రక్షణ రాదని, వారి ఉద్దేశం ఏమిటో విచారణలో తేలాలని చెప్పింది. 2007లో ఢిల్లీలో ఒక పాఠశాల ఉపాధ్యాయిని మీద ఒక టీవీ ఛానల్ ప్రసారం చేసిన స్టింగ్ కల్పితమని తేలింది. అప్పటికే గుంపు ఆమె మీద దాడి చేసింది, ఆమె అరెస్టయింది, ఉద్యోగం పోయింది. ప్రభుత్వం ఆ ఛానల్‌ను ఒక నెల నిలిపివేసింది. ఆ నెల ఆమె పోగొట్టుకున్నదానికి ఏ విధంగానూ సరితూగదు.

మూడో ప్రశ్న, నేరుగా అడిగి తెలుసుకునే దారి లేదా? మయామిలో రహస్య కెమెరా అవసరం రాలేదు, అక్కడున్న నిఘా కెమెరాయే చాలింది. ఫిర్యాదులు, తొలగింపుల లెక్కలు, ఫుటేజీ కోసం దరఖాస్తులు, ఇవన్నీ మూసుకుపోయాకే దొంగచాటు చిత్రీకరణ గురించి ఆలోచించాలి, అప్పుడైనా సంపాదకుడి అనుమతి రాతలో ఉండాలి, కత్తిరించని మూల చిత్రీకరణ భద్రంగా ఉండాలి, ఆరోపణ ఎదుర్కొనే మనిషి జవాబుకు చోటుండాలి. ఓర్లాండో కథనంలో నాకు నచ్చని భాగం ఇక్కడే ఉంది: అధికారులకు ఆధారం అప్పగించి విచారణ వారికే వదలగలిగిన మనిషిని, ఇంటి గుమ్మం దగ్గర కెమెరాతో నిలదీసి, అతను భార్యను నిందించిన మాటతో సహా చూపించారు. తప్పు చేసినవాడు అతనే కావచ్చు, ఆ ఇంట్లోనివారందరూ కాదు.

ఇంకొక జాగ్రత్త. మన విమానాశ్రయాల్లో ఎవరూ పట్టించుకోని బ్యాగును పరీక్ష కోసం వదిలిపెట్టడం చాలా ప్రమాదకరం. బాంబు అనుమానంతో ప్రాంగణం ఖాళీ చేయించవచ్చు, వదిలినవారి మీద కేసు పడవచ్చు. తనిఖీ కేంద్రం దగ్గర చిత్రీకరణ కూడా మన దేశంలో నిషిద్ధం.

ట్రాకర్ చూపిన చోటికి మీరు వెళ్లవద్దు. తెరమీది ఆ గుర్తు పక్క ఇంటిది కావచ్చు, పై అంతస్తుది కావచ్చు. సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు గంటకొకటి చొప్పున తీసి, సీరియల్ నంబరుతో, ఫిర్యాదు నంబరుతో కలిపి దర్యాప్తు అధికారికి మెయిల్ చేయండి. ఆ ఇంటి తలుపు తట్టవలసింది పోలీసులే. అలారం మోగించాలా వద్దా అన్నది కూడా వారినే అడిగి, వారు గుమ్మం దగ్గర ఉన్నప్పుడే మోగించండి.