సీజన్ మొదలవక ముందే అఫెన్స్ లోతెంతో చూసుకోవడం ఎలా

ఇది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సంగతి. అఫెన్స్ అంటే బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఆడే పదకొండుమంది; వాళ్లలో ఎవరైనా గాయపడితే ఆడగలవాళ్లు ఎందరున్నారన్నదే లోతు. 2014లో ఎమ్మెస్ కోసం కొలంబస్ వచ్చాను. వచ్చిన కొద్ది రోజులకే ఊరంతా ఒకటే టెన్షన్. ఒహైయో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని పాస్‌లు వేసేవాడు) బ్రాక్స్‌టన్ మిల్లర్‌కి ఆగస్టు ప్రాక్టీస్‌లో భుజం దెబ్బతిని, సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. అతని స్థానంలో జె.టి. బారెట్ అనే కుర్రాడు దిగాడు. సెప్టెంబర్ 6న వర్జీనియా టెక్ మ్యాచ్, నేను స్టేడియంలో చూసిన మొదటి ఆట. 35-21తో ఓడిపోయాం. బారెట్‌ని ఏడుసార్లు శాక్ చేశారు, అంటే పాస్ వేసేలోపే పడగొట్టారు. చుట్టూ ఉన్నవాళ్లంతా కుర్రాడికి చేతకాలేదని తిడుతుంటే, నాతో వచ్చిన ల్యాబ్‌మేట్ మాత్రం “బంతిని చూడకు, ముందు నిలబడ్డ ఆ ఐదుగురినీ చూడు” అన్నాడు. ఆ ఐదుగురే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్: మధ్యలో సెంటర్, అతనికి అటూ ఇటూ గార్డ్‌లు, చివర్లలో టాకిల్‌లు. వాళ్లలో నలుగురు ఆ ఏడాదే స్టార్టర్లయినవాళ్లు, అంటే మ్యాచ్ మొదటినుంచీ దిగే స్థానం అప్పుడే దక్కినవాళ్లు.

నవంబర్ చివర్లో మిషిగన్ మ్యాచ్‌లో బారెట్ చీలమండ విరిగింది. మూడో క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్ అంతకుముందు ఒక్క మ్యాచ్ కూడా స్టార్ట్ చేయలేదు. అతనితో విస్కాన్సిన్‌ని 59-0, అలబామాని 42-35, ఫైనల్లో ఆరెగన్‌ని 42-20తో గెలిచారు. ఆ మూడు మ్యాచ్‌ల్లో బంతితో దూసుకెళ్లే రన్నింగ్ బ్యాక్ ఎజికీల్ ఎలియట్ పరిగెత్తినవి 696 యార్డులు. సెప్టెంబర్‌లో చేతులెత్తేసిన లైనే అతనికి దారి తెరిచింది. మూడో క్వార్టర్‌బ్యాక్ నిలదొక్కుకోవడానికి అతని సత్తా ఎంత కారణమో, ముందున్న ఐదుగురు అప్పటికి అన్ని మ్యాచ్‌లు కలిసి ఆడి ఉండటమూ అంతే కారణం. అప్పటినుంచి ప్రతి ఆగస్టులో ఒక నోట్‌బుక్ పెట్టుకుని కూర్చుంటున్నాను. టీమ్ ఏదైనా పద్ధతి ఒకటే.

ముందు టీమ్ వెబ్‌సైట్ నుంచి రోస్టర్ (ఆటగాళ్ల జాబితా) తీసుకోండి. డిఫెన్స్‌నీ కిక్కర్లనీ కొట్టేసి, మిగిలిన పేర్లతో పేజీకి ఎడమవైపు పదకొండు స్థానాలు రాయండి. ఒక్కోదాని పక్కన మూడు గళ్లు. మొదటి గడిలో స్టార్టర్, రెండో గడిలో అతని తర్వాతి మనిషి. మూడో గడి అసలైనది: ఈ రెండో మనిషి నిజంగా ఖాళీగా ఉన్నాడా, ఇంకో స్థానం వదిలేసి వస్తున్నాడా? ఏ స్థానంలో ఎవరి తర్వాత ఎవరో చెబుతూ టీమ్ ఇచ్చే డెప్త్ చార్ట్‌లో ఈ గడి ఉండదు. అక్కడ ప్రతి స్థానానికీ రెండు పేర్లుంటాయి కాబట్టి అంతా నిండుగా కనిపిస్తుంది. మీ పేజీలో మాత్రం ఒకే పేరు లెఫ్ట్ గార్డ్‌కీ సెంటర్‌కీ బ్యాకప్‌గా తేలుతుంది. అలాంటి పేరు చుట్టూ గీత గీయండి. చివరికి పేర్లు కాదు, మనుషుల్ని లెక్కపెట్టాలి.

తర్వాత అనుభవం. ఒక్కో బ్యాకప్ పోయినేడాది ఎన్ని మ్యాచ్‌ల్లో దిగాడో చూడటంతో ఆగిపోతే మోసపోతాం. పన్నెండు మ్యాచ్‌ల్లో దిగాడని ఉంటుంది, తీరా చూస్తే అన్నీ ఫీల్డ్ గోల్ కొట్టేటప్పుడు లైన్లో నిలబడ్డవే. లేదా 40 పాయింట్ల ఆధిక్యం వచ్చాక నాలుగో క్వార్టర్లో దిగినవి. అక్కడ అతను ఆటలో అరటిపండే. సెంటర్ బంతి వెనక్కి వేసి ఆట మొదలెట్టే ప్రతిసారీ ఒక స్నాప్. ఆ లెక్కలు ప్రచురించే బీట్ రిపోర్టర్లు (ఒకే టీమ్ వార్తలు రాసేవాళ్లు) చాలా టీమ్‌లకి ఉంటారు. వాటిని బాక్స్ స్కోర్ పక్కన పెట్టి, స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు ఎన్ని స్నాప్‌లు ఆడాడో విడిగా రాసుకోండి. గట్టి ప్రత్యర్థి మీద ఆడిన ముప్ఫై స్నాప్‌లకి, తేలిపోయిన మ్యాచ్‌లో ఆడిన రెండొందల కంటే నేను ఎక్కువ విలువిస్తాను.

పేరు పక్కన రెడ్‌షర్ట్ (ఒక ఏడాది ఆడించకుండా ఆపి, ఆ ఏడాది అర్హతని మిగుల్చుకోవడం) గుర్తుంటే కంగారుపడక్కర్లేదు. 2018 నుంచి నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ ఏడాది అర్హత పోదు. కాబట్టి రెడ్‌షర్ట్ ఫ్రెష్‌మన్ అంటే అసలు ఆడనివాడని కాదు. ఆ నాలుగూ ఏవో వెతకండి. నవంబర్‌లో పెద్ద మ్యాచ్‌లో దింపారంటే కోచ్‌కి అతని మీద నమ్మకం కుదిరినట్టే.

ఇక లైన్. పేజీలో సగం సమయం నేను ఇక్కడే గడుపుతాను. పాస్‌లు పట్టే రిసీవర్లు మారుతూ ఆడతారు, రన్నింగ్ బ్యాక్‌లూ మారుతూ ఆడతారు. లైన్‌మెన్‌ని మాత్రం కోచ్‌లు వీలైనంతవరకు మార్చరు, ఎందుకంటే పక్కవాడు ఎప్పుడు ఎటు కదులుతాడో తెలిసుండాలి. అందుకే ఆరోవాడు, ఏడోవాడు ఎవరన్నది ఆగస్టులో ఎవరూ పట్టించుకోరు, అక్టోబర్‌లో అందరికీ అదే కావాల్సొస్తుంది.

2024 ఒహైయో స్టేట్‌నే చూడండి. అక్టోబర్ 12న ఆరెగన్ మ్యాచ్‌లో లెఫ్ట్ టాకిల్ జాష్ సిమన్స్ మోకాలు పోయింది. డెప్త్ చార్ట్ ప్రకారం తర్వాతివాడు నెబ్రాస్కా మీద దిగాడు, ఆ మ్యాచ్‌లోనే అతనికీ దెబ్బ తగిలింది. అప్పుడు లెఫ్ట్ గార్డ్ డానవన్ జాక్సన్‌ని టాకిల్‌కి జరిపి, గార్డ్‌లో కార్సన్ హిన్జ్‌మన్‌ని పెట్టారు. పెన్ స్టేట్ మీద 20-13తో గెలిచిన మ్యాచ్‌లో చివరి ఐదు నిమిషాలూ బంతిని పరుగులతోనే నడిపి గడియారం ఖాళీ చేశారు. ఆ డ్రైవ్ సోఫా అంచున కూర్చుని చూశాను. సరే కుదురుకున్నారు అనుకునేలోపు, నవంబర్‌లో ప్రాక్టీస్‌లో సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్‌కి మడమ దగ్గర అకిలీస్ తెగింది. హిన్జ్‌మన్ సెంటర్‌కి వెళ్లాడు, గార్డ్‌లో మళ్లీ కొత్త మనిషి. మిషిగన్ చేతిలో 13-10తో ఓడిన రోజున మధ్యలోంచి పరుగులు రాక గిలగిల్లాడారు. ఆ తర్వాత అదే లైన్‌తో ప్లేఆఫ్‌లో నాలుగు మ్యాచ్‌లు వరసగా గెలిచి, 2025 జనవరి 20న నోట్రడామ్‌ని 34-23తో ఓడించి ఛాంపియన్లయ్యారు.

నా నోట్‌బుక్‌లో ఆ ఏడాది పేజీ మీద బాణాలే బాణాలు. గాయాలతో దూరమైనవాళ్లు ఇద్దరు స్టార్టర్లు, కదిలిన స్థానాలు మూడు. మీ పేజీ మీద ఈ పనిని ముందే చేయండి. లెఫ్ట్ టాకిల్ పేరు మీద వేలు పెట్టి మూయండి. ఎవరొస్తారు? అతను పక్కనుంచి వస్తే, ఆ ఖాళీలోకి ఎవరు? బాణాలు గీయండి. తర్వాత సెంటర్‌ని మూయండి. క్వార్టర్‌బ్యాక్ కొన్ని గజాలు వెనక నిలబడే షాట్‌గన్‌లో బంతి సరిగ్గా వెనక్కి వేయగలవాళ్లు టీమ్‌లో ఎందరున్నారో అప్పుడు తెలుస్తుంది. చాలా టీమ్‌లలో ఇద్దరే. ఒక్క మనిషి పోతే రెండు స్థానాలు కదలాల్సొచ్చే టీమ్‌ని పలచన అంటాను. ఒకడు పోతే ఒకడే వచ్చి, మిగతా నలుగురూ ఉన్నచోటే ఉంటే ఆ లైన్‌కి లోతుంది.

ఇలాంటిదే 2018 జనవరిలో అలబామా, జార్జియా ఫైనల్. రెండో సగంలో అలబామా టువా టాగొవైలోవాని క్వార్టర్‌బ్యాక్‌గా దించడం అందరికీ గుర్తుంది. అదే రాత్రి లెఫ్ట్ టాకిల్ జోనా విలియమ్స్ గాయపడితే ఫ్రెష్‌మన్ అలెక్స్ లెదర్‌వుడ్ దిగి చివరిదాకా ఆడాడు. అలబామా ఓవర్‌టైమ్‌లో 26-23తో గెలిచింది.

క్వార్టర్‌బ్యాక్ విషయానికొస్తే, రెండోవాడి చేతి బలం గురించి చదవడం కన్నా అతనికి దగ్గరగా సాగిన మ్యాచ్‌లో ఎన్ని పాస్‌లు వేసే అవకాశం వచ్చిందో చూడండి. మూడోవాడి పేరు కూడా రాయండి. 2023లో ఫ్లోరిడా స్టేట్‌కి క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ నవంబర్ 18న గాయపడి దూరమయ్యాడు, రెండోవాడు టేట్ రోడ్‌మేకర్ తర్వాతి మ్యాచ్‌లో తలకి దెబ్బ తగిలి ఆగిపోయాడు. కాన్ఫరెన్స్ ఫైనల్ ఫ్రెష్‌మన్ బ్రాక్ గ్లెన్‌తో ఆడి లూయివిల్‌ని 16-6తో గెలిచారు. 13-0తో ఉన్నా నాలుగు టీమ్‌ల ప్లేఆఫ్‌లోకి తీసుకోలేదు. నేను ఫ్లోరిడా స్టేట్ అభిమానిని కాదు, అయినా ఆ ఆదివారం మనసు చివుక్కుమంది.

రన్నింగ్ బ్యాక్‌ల దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. మూడో డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) దూసుకొచ్చే డిఫెన్స్ లైన్‌బ్యాకర్‌ని అడ్డుకోగలవాళ్లు ఇద్దరుంటే చాలు. రిసీవర్లలో బయట ఆడేవాళ్లనీ స్లాట్‌లో (లైన్‌కీ బయటి రిసీవర్‌కీ మధ్య) ఆడేవాళ్లనీ వేరుగా లెక్కించండి. లైన్ చివర నిలబడి అడ్డుకుంటూ పాస్‌లూ పట్టే టైట్ ఎండ్‌లలో బ్లాక్ చేసేవాడు గాయపడితే పరుగుల ఆట మొత్తం మారిపోతుంది, క్యాచ్‌లు పట్టేవాడి లోటు రిసీవర్లు కొంత పూడుస్తారు.

ఆటగాళ్లు కాలేజీ మారడానికి పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక ఈ లెక్క చాలా మారింది. వచ్చినవాళ్ల గురించి రోజూ వార్తలొస్తాయి, వెళ్లిపోయినవాళ్లలో స్టార్టర్ల గురించే రాస్తారు. మీరు వెళ్లిపోయిన బ్యాకప్‌ల జాబితా తీయండి. రెండేళ్లు అదే టీమ్ పాఠాలు నేర్చుకున్న ఏడో లైన్‌మన్, వేరే చోట స్టార్టర్ అవ్వొచ్చని వెళ్లిపోతే అతని స్థానంలోకి పద్దెనిమిదేళ్ల కుర్రాడు వస్తాడు. చిన్న కాన్ఫరెన్స్ నుంచి వచ్చినవాడికి వెయ్యి స్నాప్‌ల అనుభవం ఉండొచ్చు, పెద్ద టీమ్‌ల మీద ఆడినవి విడిగా చూడండి. ఆటగాళ్లు వేసిన కేసులో 2025లో వచ్చిన సెటిల్‌మెంట్‌తో, అందులో చేరిన కాలేజీలకి ఫుట్‌బాల్ రోస్టర్ పరిమితి 105 అయింది. అంతకుముందు స్కాలర్‌షిప్పులు 85 దగ్గర ఆగేవి గానీ, వాకాన్‌లతో (స్కాలర్‌షిప్ లేకుండా ఆడేవాళ్లతో) కలిపి చాలా టీమ్‌లలో 105 కన్నా ఎక్కువమంది ఉండేవాళ్లు. ప్రాక్టీస్‌లో రెండో లైన్‌కి ఎదురు నిలబడే మనుషులు తగ్గారన్నమాట.

ఆగస్టు క్యాంప్ వార్తల్లో పొగడ్తలు పక్కన పెట్టి, ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారన్నదే ఏరుకోండి. “ఫలానావాడు ఈ వారం రెండు స్థానాల్లోనూ ఆడుతున్నాడు” అని కోచ్ అంటే అది అతని ప్రతిభకి మెచ్చుకోలు కావచ్చు, మనుషులు చాలకపోవడమూ కావచ్చు. మూడో గడి చూస్తే ఈ రెంటిలో ఏదన్నది తేలుతుంది. డెప్త్ చార్ట్‌లో రెండు పేర్ల మధ్య “లేదా” అని ఉంటే, ఇద్దరికీ అనుభవం ఉన్నచోట అది లోతు, ఇద్దరూ కొత్తవాళ్లయితే ఇంకా ఎవరూ తేలలేదని అర్థం.

మొదటి మ్యాచ్‌కి ఆ పేజీ వెంట తీసుకెళ్లండి. రెండో లైన్ ఎప్పుడు దిగుతుందో సమయం రాసుకోండి. ఐదుగురినీ ఒకేసారి దింపారా, లేక రెండో క్వార్టర్లోనే స్టార్టర్ల మధ్య ఒక్కణ్ని నిలబెట్టి ఒక డ్రైవ్ ఆడించారా చూడండి. అలా ఒక్కడిగా దిగినవాడి జెర్సీ నంబర్ నేను ఎర్ర ఇంకుతో రాస్తాను.