ఫోన్‌లో వెబ్‌సైట్ ఇబ్బంది పెడుతోందా? చిన్న వ్యాపారులకు సమస్య - పరిష్కారం

చిన్న వ్యాపారుల్లో చాలామంది తమ వెబ్‌సైట్‌ను తయారైన రోజున కంప్యూటర్‌లో చూసి, బాగుందనుకుని, మళ్లీ దాని జోలికి పోరు. కొనేవారు మాత్రం దాన్ని ఎక్కువగా ఫోన్‌లోనే తెరుస్తారు. ఇబ్బంది పడితే ఫిర్యాదు చేయరు, వెనక్కి వెళ్లి మరొకరిని వెతుక్కుంటారు. అందువల్ల లోపాలను యజమానే, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద, తన ఫోన్‌లో వెతికి పట్టుకోవాలి.

అక్షరాలు చీమల్లా కనబడుతున్నాయి

వ్యూపోర్ట్ అనే మెటా ట్యాగ్ (పేజీని ఎంత వెడల్పున చూపాలో బ్రౌజర్‌కు చెప్పే కోడ్ పంక్తి) లేని పేజీని ఫోన్ బ్రౌజర్ కంప్యూటర్ కోసం చేసినదిగా భావించి, సుమారు 980 పిక్సెళ్ల వెడల్పున పరిచి, ఆ మొత్తాన్ని అరచేతిలో ఇమిడే తెరకు కుదిస్తుంది. చదవాలంటే రెండు వేళ్లతో పెద్దది చేసుకోవాలి; చేసుకున్నాక వాక్యం చివర తెర దాటిపోతుంది. వెడల్పు పరికరం వెడల్పుతో సమానమనీ, ప్రారంభ స్కేలు 1 అనీ చెప్పే వ్యూపోర్ట్ ట్యాగ్‌ను పేజీ కోడ్‌లో మొదట వచ్చే హెడ్ భాగంలో చేర్చడం దీనికి మొదటి మందు.

ట్యాగ్ చేర్చాక పేజీ పక్కకు జరగడం మొదలైతే, ఏదో ఒక బొమ్మకో పట్టికకో 960 పిక్సెళ్ల వంటి స్థిరమైన వెడల్పు ఇచ్చి ఉన్నారన్నమాట. బొమ్మలకు గరిష్ఠ వెడల్పు 100 శాతమని, పేజీ రూపాన్ని నిర్ణయించే కోడ్ అయిన సీఎస్‌ఎస్‌లో రాయాలి. పట్టికను దాని చట్రంలోనే పక్కకు జరిగేలా చేయాలి. ఇదే అదనుగా కొందరు డెవలపర్లు పేజీని పెద్దది చేసుకునే వీలునే తీసేస్తారు. చూపు తగ్గినవారికి అది తలుపు మూయడమే కనుక అందుకు ఒప్పుకోకూడదు.

పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతోంది

దోషం చాలావరకు ఫొటోలదే. 12 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన ఫొటో దాదాపు 4000 పిక్సెళ్ల వెడల్పుతో, కొన్ని మెగాబైట్ల బరువుతో ఉంటుంది. దాన్ని అలాగే ఎక్కిస్తే, బొటనవేలంత కనబడే సరుకు బొమ్మ కోసం కూడా ఫోన్ ఆ బరువంతా దింపుకోవలసి వస్తుంది. తెర నిండా కనబడే బొమ్మకైనా 1200 పిక్సెళ్ల వెడల్పు సాధారణంగా సరిపోతుంది. ఆ మేరకు తగ్గించి, బొమ్మలను తక్కువ బరువుతో ఉంచే వెబ్‌పీ రూపంలో భద్రపరిస్తే బరువు బాగా దిగుతుంది. పేజీ కింది భాగంలోని బొమ్మలను, చూసేవారు అక్కడికి చేరినప్పుడే దిగేలా అమర్చవచ్చు కానీ, మొట్టమొదట కనబడే బొమ్మకు ఆ అమరిక పెట్టకూడదు. తెర మీది అతి పెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టిన కొలమానం.

ఒకటి నొక్కబోతే మరొకటి నొక్కుకుంటోంది

బొమ్మల ఎత్తు, వెడల్పు కోడ్‌లో రాయకపోతే బ్రౌజర్ వాటికి ముందుగా చోటు ఉంచదు. ఆలస్యంగా దిగిన బొమ్మ కింది రాతను నెట్టేయడంతో వేలు వేరే బటన్ మీద పడుతుంది. కొలతలు రాస్తే ఇది ఆగుతుంది. బటన్లు ఒక్కొక్కటి 48 పిక్సెళ్లకు తగ్గకుండా, మధ్య కాస్త ఎడంతో ఉండాలి.

ఫోన్ నంబరు కనబడుతోంది, కాల్ వెళ్లడం లేదు

నంబరు బొమ్మలో భాగమై ఉంటుంది, లేదా లింకు లేని ఉత్త రాతగా ఉంటుంది. దానికి టెల్ లింకు కడితే ఒక్క నొక్కుతో డయలర్ తెరుచుకుంటుంది. అయిదు నిమిషాల ఈ పనిని నేనైతే అన్నిటికంటే ముందు చేయిస్తాను.

ఫారం నింపబోతే పేజీ ఎగిరి ముందుకొస్తోంది

ఐఫోన్‌లో గడిలోని అక్షరాలు 16 పిక్సెళ్ల కంటే చిన్నవైతే సఫారీ బ్రౌజర్ తానే పేజీని పెద్దది చేస్తుంది. 16కు పెంచితే సరి. నంబరు గడికి అంకెల కీబోర్డు వచ్చేలా కూడా అమర్చాలి.

వెతికినా సైటు కనబడటం లేదు

కారణాలు అనేకం ఉండవచ్చు కానీ, ఒకటి ఇక్కడికి సంబంధించినది. గూగుల్ 2016లో ప్రకటించి 2023 అక్టోబరులో పూర్తయిందని చెప్పిన మార్పు ప్రకారం, సైటులో ఏముందో తెలుసుకోవడానికి అది ఫోన్‌కు వచ్చే పేజీనే చదువుతుంది. చోటు చాలదని మొబైల్ పేజీలో ధరలో, సేవల వివరాలో తీసేస్తే, గూగుల్ లెక్కలో అవి లేనట్లే. గూగుల్ ఇచ్చిన మొబైల్ పరీక్షా పేజీ 2023 డిసెంబరులో మూతపడింది కనుక, ఇప్పుడు క్రోమ్‌లోని లైట్‌హౌస్ అనే పరీక్షా సాధనాన్ని మొబైల్ అమరికలో నడిపి చూడాలి.

ఫోన్ల కోసం వేరే చిరునామాతో రెండో సైటు నడుపుతున్నవారికి ఈ చిక్కు తరచూ ఎదురవుతుంది. ధర ఒకచోట మారుతుంది, మరోచోట పాతదే మిగిలిపోతుంది. రెంటినీ తెరను బట్టి సర్దుకునే ఒకే సైటుగా కలిపి, పాత పేజీల్లో ప్రతి ఒక్కదాన్నీ దానికి సరిపోయే కొత్త పేజీకి 301 మళ్లింపుతో (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపుతో) కలపాలి. అన్నిటినీ హోమ్ పేజీకే మళ్లిస్తే, పాత లింకు నొక్కినవారు తాము అడిగిన సరుకును మళ్లీ మొదటినుంచి వెతుక్కోవలసి వస్తుంది.