సంక్షోభంలో సంస్థ మాట – 4వ పాఠం: క్షమాపణ ముందా, కారణం ముందా?

ప్రమాదం జరిగిన తొలి గంటల్లో ఏం జరిగింది, మనకేం తెలుసు, మళ్లీ ఎప్పుడు చెబుతాం అన్నవి రాయడం గత పాఠంలో చూశాం. అదే ప్రకటనలో క్షమాపణ ఎక్కడ పెట్టాలన్నది ఈ పాఠం. దీనికి అన్ని దేశాలకూ సరిపోయే జవాబు లేదు.

2006 జూన్ 3న టోక్యోలోని ఒక అపార్ట్‌మెంట్‌లో తలుపులు తెరిచి ఉండగానే లిఫ్ట్ పైకి కదిలింది. బయటికి వస్తున్న 16 ఏళ్ల కుర్రాడు నలిగి చనిపోయాడు. లిఫ్ట్ తయారుచేసింది స్విట్జర్లాండ్ కంపెనీ షిండ్లర్. అప్పటికి మెయింటెనెన్స్ వేరే కంపెనీది. డిజైన్‌లో లోపం లేదు, దర్యాప్తు తేలనివ్వండి అన్నట్టుగా షిండ్లర్ నడుచుకుంది. పెద్దలు జనం ముందుకొచ్చి క్షమాపణ చెప్పేసరికి వారం దాటింది. యూరప్‌లో ఏ లాయరైనా ఇచ్చే సలహా అదే. జపాన్‌లో మాత్రం అది రాతిగుండెలా కనిపించింది. అక్కడ కొత్త ఆర్డర్లు కరువై, చివరికి 2016లో షిండ్లర్ తన జపాన్ లిఫ్ట్ వ్యాపారాన్ని ఓటిస్‌కు అమ్ముకుంది.

ఇప్పుడు 1985 చూడండి. ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి 520 మంది చనిపోయారు. మూలం బోయింగ్ 1978లో చేసిన మరమ్మతు లోపమని 1987లో తుది నివేదిక తేల్చింది. ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు అప్పటిదాకా ఆగలేదు. 1985లోనే బాధిత కుటుంబాల ముందు తలవంచాడు, పదవీ వదిలేశాడు. తప్పెవరిదో తేలకముందే పెద్ద మనిషి వచ్చి నిలబడాలని జపాన్‌లో జనం ఆశిస్తారు. ఆ రావడాన్ని నేర అంగీకారంగా చూడరు.

అమెరికాలో లెక్క వేరు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ప్రమాద బాధితులపై చూపిన సానుభూతి మాటలను సివిల్ కేసులో బాధ్యతకు సాక్ష్యంగా వాడకూడదు, ‘తప్పు మాదే’ అన్న మాటను మాత్రం వాడొచ్చు. అందుకే ఈ రెండింటినీ ఎప్పుడూ ఒకే వాక్యంలో కలపకండి. ‘మీ బాధకు మేం తీవ్రంగా చింతిస్తున్నాం’ అనేది ఒక వాక్యం. కారణం గురించిన వాక్యం వేరు, అది తెలిశాకే రాయాలి. నా దృష్టిలో మొదటి వాక్యాన్ని ఏ దేశంలోనూ ఆపాల్సిన పనిలేదు. దాన్ని ఎవరు పలకాలి, నేరుగా వెళ్లి చెప్పాలా, ఉత్తరం చాలా అన్నవే ఊరిని బట్టి మారతాయి.

అభ్యాసం: మీ కంపెనీ ప్రెషర్ కుక్కర్ పేలి ఒకరు గాయపడ్డారనుకోండి. కారణం తెలియదు. ఒసాకాకు ఒకటి, లాస్ ఏంజెలెస్‌కు ఒకటి, విజయవాడకు ఒకటి, ఐదేసి వాక్యాల ప్రకటన రాయండి. ప్రతిదాని కింద సంతకం ఎవరిదో, ఆసుపత్రికి ఎవరు వెళ్తారో కూడా రాయండి. వచ్చే పాఠంలో విజయవాడ ప్రకటనను వాక్యం వాక్యంగా దిద్దుదాం.