మరుగుజ్జు గెలాక్సీని, దాని నక్షత్ర గుచ్ఛాలను చూడటం ఎలా?

ముందే ఒక మాట. గెలాక్సీ కోసం వెతకొద్దు, దాని గుచ్ఛం కోసం వెతకండి. మరుగుజ్జు గెలాక్సీ అంటే తక్కువ నక్షత్రాలున్న చిన్న గెలాక్సీ, దాని వెలుగు ఆకాశంలో చాలా మేర పలచగా పరుచుకుని ఉంటుంది. అదే గుచ్ఛం, అంటే నక్షత్రాలు బంతిలా కిక్కిరిసిన గ్లోబ్యులర్ క్లస్టర్ అయితే, వెలుగంతా ఒక్కచోటే ఉంటుంది కాబట్టి త్వరగా దొరుకుతుంది. దక్షిణాకాశంలోని ఫోర్నాక్స్ నక్షత్రరాశిలో కనిపించే ఫోర్నాక్స్ మరుగుజ్జు గెలాక్సీలోని ఎన్‌జీసీ 1049 గుచ్ఛాన్ని ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1835లోనే చూశాడు. అక్కడ ఒక గెలాక్సీ ఉందన్న సంగతి మాత్రం 1938లో హార్లో షాప్లీ ప్రకటించేదాకా ఎవరికీ తెలీదు.

మొదట ఎం54 అనే గుచ్ఛంతో చెయ్యి అలవాటు చేసుకోండి. ధనుస్సు రాశిలో జీటా నక్షత్రానికి నైరుతిగా 2 డిగ్రీల లోపే ఉంటుంది, నాలుగంగుళాల టెలిస్కోప్‌లో కూడా గుండ్రటి మసక చుక్కలా కనిపిస్తుంది. విడివిడిగా నక్షత్రాలు కనబడలేదని టెన్షన్ పడకండి, అది అంత దూరంలో ఉంది మరి. 1994లో బయటపడ్డ ధనుస్సు మరుగుజ్జు గెలాక్సీ నడిబొడ్డున ఉన్న గుచ్ఛమిది. ఆ గెలాక్సీ మాత్రం కంటికి కనిపించదు, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇక అసలు పని ఫోర్నాక్స్. చంద్రుడు లేని రాత్రి, ఊరి లైట్లకు దూరంగా, అది దక్షిణాన బాగా పైకి వచ్చిన వేళ చూసుకోండి. ఎనిమిదంగుళాల టెలిస్కోప్ ఉంటే నయం. కనీసం అరగంట కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి, ఫోన్ ముట్టుకోవద్దు. ఆ రాశిలోని లాంబ్డా 2 ఫోర్నాసిస్ నక్షత్రాన్ని పట్టుకుని అక్కడి నుంచి ఈశాన్యంగా డిగ్రీలో మూడింట రెండు వంతులు జరగండి. తక్కువ మాగ్నిఫికేషన్‌లో ఎన్‌జీసీ 1049 అచ్చం నక్షత్రంలాగే ఉండి మోసం చేస్తుంది, అందుకే చార్ట్ చూసి చోటు ఖాయం చేసుకున్నాక 150 రెట్లకు పెంచండి: చుట్టూ ఉన్నవన్నీ సూదిమొనల్లా తేలతాయి, ఆ ఒక్కటి మాత్రం ఎంత ఫోకస్ తిప్పినా అంచులు చెదిరినట్టే ఉంటుంది. నేరుగా కాకుండా కాస్త పక్కకు చూడండి, గొట్టాన్ని వేలితో మెల్లగా తట్టండి. మిగతా గుచ్ఛాలు ఇంకా మసక, వాటికి ఇంకా పెద్ద అద్దం కావాలి.

ఫోర్నాక్స్ గెలాక్సీ మెరుపుకి పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. 40 రెట్ల ఐపీస్ పెట్టి, తలమీద నల్లగుడ్డ కప్పుకుని, బయటి ఖాళీ ఆకాశం నుంచి దాని మీదుగా నెమ్మదిగా జరపండి, నేపథ్యం ఎక్కడ రవ్వంత తెల్లబడిందో గమనించండి. కొన్ని రంగుల వెలుగునే వదిలే నెబ్యులా ఫిల్టర్లు ఇక్కడ దండగ, ఎందుకంటే నక్షత్రాల వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది.

ఫొటో తీస్తే ఫ్లాట్ ఫ్రేములు (అంతటా ఒకేలా వెలుగున్న చోటును తీసి, అసలు ఫొటోను సరిచేయడానికి వాడేవి) తప్పనిసరి. లేకపోతే లెన్స్ అంచుల చీకటి వల్ల ఫ్రేము మధ్యలో ఉత్తుత్తి గెలాక్సీ పుట్టుకొస్తుంది. అనుమానం వస్తే ఫ్రేమును కాస్త పక్కకు జరిపి మళ్లీ తీయండి, నిజమైన మెరుపైతే నక్షత్రాలతో పాటే జరుగుతుంది.